బడి లైబ్రరీ పరిశీలనకు వెళ్లే ముందు జాగ్రత్తలు

నెల్లూరు వైపు బళ్లకైతే వీలైనంతవరకు అక్టోబరు, డిసెంబరు మధ్యే వెళ్లండి. ఈశాన్య రుతుపవనాల వాన అప్పుడే పడుతుంది. గోడ చెమ్మ, స్లాబు కారడం ఎండాకాలంలో ఏం తెలుస్తాయి?

- హెడ్మాస్టరు గారికి ముందే ఫోన్ చేసి బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి. తాళంచెవి ఉన్న సారు సరిగ్గా ఆ రోజే సెలవు పెట్టడం మామూలే.

- కొలిచే టేపు, టార్చి, మాస్కు దగ్గరుంచుకోండి. కింది అర వెనక చెయ్యి పెట్టేముందు టార్చి వేయండి, తేళ్లుండొచ్చు. అట్ట బాగున్న పుస్తకాన్ని కూడా తెరిచి చూడండి. చెదలు గోడ వైపు నుంచి లోపల్లోపలే తినుకుంటూ వస్తాయి. అందుకే బీరువాకీ గోడకీ మధ్య బెత్తెడు సందైనా ఉండాలి.

- పై అర మీకు కాదు, ఆరో తరగతి పిల్లకు అందాలి. ఒకమ్మాయిని పిలిచి పుస్తకం తీయమనండి. బీరువాల మధ్య మూడడుగుల దారన్నా లేకపోతే వీల్‌చైర్ పట్టదు.

- ఉన్న పుస్తకాల పట్టీ, అదే స్టాకు రిజిస్టరు, చూసి మురిసిపోకండి. అసలు సంగతి ఏ పుస్తకం ఎవరు తీసుకెళ్లారో రాసే ఇష్యూ రిజిస్టరులో ఉంటుంది. నెలల తరబడి ఎంట్రీలన్నీ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో ఉంటే మీ కోసం ఆ పొద్దున్నే రాశారేమో అనుమానించాల్సిందే.

- తడి గోడ మీది స్విచ్చిబోర్డు ముట్టుకోవద్దు.

- అడక్కుండా పిల్లల ఫొటోలు తీయొద్దు.