డ్రోన్ సుడి తిరుగుతుంటే ముందు దిక్సూచిని చూడండి

జీపీఎస్ సాయంతో ఒకేచోట నిలిపిన డ్రోన్ నిలవకుండా గుండ్రంగా తిరుగుతూ, ఆ చుట్టును క్రమంగా పెద్దది చేసుకుంటూ పోతే చాలామంది మోటార్లనో ప్రొపెల్లర్లనో అనుమానిస్తారు. కానీ సాధారణంగా అది దిక్సూచి తప్పు దిశ చూపుతోందనడానికి గుర్తు. ఆ క్షణంలో డ్రోన్‌ను బయల్దేరిన చోటికి తనంతట తానే తిరిగి రప్పించే రిటర్న్ టు లాంచ్‌ను నమ్ముకోకండి, ఎందుకంటే అది కూడా అదే తప్పు దిశను ఆధారం చేసుకొని ఎగురుతుంది. వెంటనే, ఎత్తును మాత్రమే నిలిపి ఉంచే ఆల్ట్ హోల్డ్ మోడ్‌కు మార్చి, స్టిక్‌లతో మీరే అదుపు చేస్తూ మెల్లగా దింపండి.

దిక్సూచి కొలతలను సరిచేసే కాలిబ్రేషన్‌ను మేడ మీద చేయడం చాలామందికి అలవాటు. స్లాబులోని ఇనుప చువ్వలు అక్కడి అయస్కాంత క్షేత్రాన్ని మార్చేస్తాయి కాబట్టి, తెర మీద విజయవంతమైందని కనిపించినా ఆ కొలతలు పొలంలో పనికిరాకపోవచ్చు. ఖాళీ మట్టినేల మీద, వాహనాలకు దూరంగా, జేబులోని ఫోనూ తాళాలూ తీసి పక్కన పెట్టి చేయండి.

కాలిబ్రేషన్ సరిగానే ఉండి, థ్రాటిల్ (మోటార్లకిచ్చే శక్తి) పెంచినప్పుడు మాత్రమే దిశ పక్కకు జరుగుతుంటే బ్యాటరీ తీగల్లోని కరెంటును అనుమానించాలి. ఎర్ర, నల్ల తీగలను ఒకదానితో ఒకటి మెలిపెట్టి, దిక్సూచి ఉన్న జీపీఎస్ మాడ్యూలును కడ్డీ మీద పైకి ఎత్తి బిగించండి. డ్రోన్‌ను నడిపే ఆర్డుపైలట్ సాఫ్ట్‌వేర్‌లో, ఈ కరెంటు దిక్సూచిని ఎంత చెదరగొడుతోందో కొలిచే కంపాస్‌మాట్ పరీక్షలో అంతరాయం 30 శాతం లోపు ఉంటే ఫరవాలేదు. 60 శాతం దాటితే మాత్రం మాడ్యూలు చోటు మార్చాకే మళ్లీ కాలిబ్రేషన్ చేయాలి.