బైబిలు వెలుగులో కౌన్సెలింగ్, 4వ పాఠం: బుద్ధి చెప్పమన్నది ఎవరికి?

అందరికీ వందనాలు. ఈసారి మారుమనస్సు గురించి రాస్తానని పోయినసారి మాట ఇచ్చాను. రాయడం లేదు. 3వ పాఠం చదివి మీలో కొందరు చేసొచ్చిన పనులు విన్నాక అది వాయిదా వేయక తప్పలేదు.

జరిగింది ఇదీ. 1 థెస్సలొనీకయులకు 5:14 ఇచ్చి, తెలిసిన మనిషి ఒకరి దగ్గర కూర్చుని దీని ప్రకారం మాట్లాడి రండి అన్నాను కదా. ఒక తమ్ముడు ఆరు నెలలుగా ఉద్యోగం లేక ఇంట్లో ఉంటున్న సంఘస్థుడి దగ్గరికి వెళ్లి, కూర్చోగానే బైబిలు తెరిచి, "అక్రమముగా నడుచుకొనువారికి బుద్ధి చెప్పుడి" అని చదివి, అరగంట సోమరితనం మీద మాట్లాడి వచ్చాడట. ఆ మనిషి రెండు ఆదివారాలుగా గుడికి రావడం లేదు. "అమ్మగారూ, వాక్యం నిష్ఫలంగా మరలదు కదా, మరి ఈయనెందుకు రావట్లేదు?" అని నన్నే అడిగాడు. ఇంకో చెల్లి అత్తగారికి బుద్ధి చెప్పింది. దాని ఫలితం నేను వేరే రాయక్కర్లేదు.

తప్పులో నా వాటా ఉంది. ఆ వచనంలో నాలుగు మాటలుంటే మొదటిదాని మీదే మూడు పేరాలు రాసి, మిగతావాటిని ఒక్కో లైనులో దాటేశాను. కొంత తప్పు కౌన్సెలింగ్ అనే మాటది కూడా. మన దగ్గర ఆ మాట రెండు చోట్లే గట్టిగా వినిపిస్తుంది. ఒకటి ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) సీట్ల దగ్గర. రెండోది పేపర్లో, "తాగి బండి నడిపిన యువకులకు పోలీసులు కౌన్సెలింగ్ ఇచ్చి పంపారు" అని. అంటే అమ్మానాన్నలను స్టేషనుకు పిలిపించి, వాళ్ల ముందే తలంటారని. ఈ రెండో అర్థం మన బుర్రల్లో ఎంత లోతుగా దిగిందంటే, క్రైస్తవ కౌన్సెలింగ్ అంటే బైబిలు పట్టుకుని తలంటడం అనుకుంటున్నాం.

బైబిలు దేవుని వాక్యమా, మనిషి జీవితానికి అది చాలుతుందా అనే చర్చ నేను పెట్టను. 2 తిమోతి 3:16, 17 చదువుకోండి, నాకు అది చాలు. మనిషి దేవుని స్వరూపంలో చేయబడ్డాడు, పడిపోయాడు, క్రీస్తులో మళ్లీ బాగవుతాడు, ఇవీ మీకు సండే స్కూల్లోనే చెప్పి ఉంటారు. మనం తడబడేది అక్కడ కాదు. ఇవన్నీ తెలిసీ, ఎదురుగా కూర్చున్న మనిషి ఎవరో చూడకుండా వచనం తీస్తాం. అక్కడ.

ముందు మాటలు చూద్దాం. యెషయా 9:6లో పుట్టబోయే శిశువుకు ఉన్న పేర్లలో "ఆలోచనకర్త" ఒకటి. కౌన్సెలర్ అనే మాటకు మన బైబిల్లో ఉన్న తెలుగు అదే. యోహాను 14:16లో ప్రభువు పరిశుద్ధాత్మను "ఆదరణకర్త" అంటాడు. 1 యోహాను 2:1లో యేసుక్రీస్తును "ఉత్తరవాది" అంటారు. ఈ చివరి రెండూ గ్రీకులో ఒకటే మాట, పరాక్లేతోస్. పక్కకు పిలవబడినవాడు అని. తెలుగులోకి తెచ్చినవాళ్లు ఒకచోట ఓదార్చేవాడిని, ఒకచోట మన తరఫున మాట్లాడేవాడిని చూశారు. నాకు ఈ రెండు తెలుగు మాటలూ పక్కపక్కన పెట్టి చదవడం ఇష్టం. రెండింటిలోనూ ఆయన కూర్చునేది మన పక్కన, మనకు ఎదురుగా జడ్జి కుర్చీలో కాదు. కౌన్సెలింగ్ అంటే మనం మొదలుపెట్టే పని కాదు, ఆత్మ ముందునుంచీ చేస్తున్న పని. మనం వెళ్లి ఆయన పక్కన ఒక ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటాం, అంతే.

ఇప్పుడు 5:14 మళ్లీ. "అక్రమముగా నడుచుకొనువారికి బుద్ధి చెప్పుడి, ధైర్యము చెడినవారిని ధైర్యపరచుడి, బలహీనులకు ఊతనియ్యుడి, అందరియెడల దీర్ఘశాంతముగలవారై యుండుడి." ముగ్గురు మనుషులు, మూడు మందులు. అక్రమముగా నడవడం అన్నచోట ఉన్న గ్రీకు మాట, వరుస తప్పిన సైనికుడికి కూడా వాడేది. ఆ సంఘంలో వరుస తప్పింది ఎవరో రెండో పత్రిక 3వ అధ్యాయంలో తెలుస్తుంది: పని మానేసి, పరుల జోలికి పోతూ తిరిగేవాళ్లు. "పని చేయనొల్లని" వాడు అని రాసి ఉంది, చూడండి. ఒల్లకపోవడం వేరు, దొరక్కపోవడం వేరు. తమ్ముడూ, నువ్వు వెళ్లినాయన ఆరు నెలల్లో ఎన్ని చోట్ల అప్లికేషన్ పెట్టాడో అడిగావా? అడగలేదని నీ ఉత్తరమే చెబుతోంది. ఆయన ఆ ముగ్గురిలో రెండో మనిషి. ధైర్యము చెడినవాడు అనేచోట ఉన్న గ్రీకు మాటకు అక్షరాలా అర్థం చిన్న ప్రాణం కలవాడు అని. మనం మనసు చిన్నబోయింది అంటామే, అచ్చం అదే. చిన్నబోయినవాడికి బుద్ధి చెబితే ఇంకా చిన్నబోతాడు. గుడికి ఎలా వస్తాడు?

పోనీ, నిజంగానే వరుస తప్పినవాడు దొరికాడనుకుందాం. అప్పుడైనా ఎలా చెప్పాలి? 1970లో అమెరికాలో జే ఆడమ్స్ అనే పాస్టరుగారు ఈ "బుద్ధి చెప్పు" అనే గ్రీకు క్రియ మీదే తన కౌన్సెలింగ్ పద్ధతిని నిలబెట్టాడు. ఆ దారిలో నడిచేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. నాకు ఆయన చెప్పినదాంట్లో సగం నచ్చుతుంది, పాపాన్ని పాపమని పిలవాలన్న సగం. కానీ ఆ క్రియనే పౌలు అపొస్తలుల కార్యములు 20:31లో ఎలా వాడాడో చూడండి: "మూడు సంవత్సరములు రాత్రింబగళ్లు కన్నీళ్లు విడుచుచు ప్రతి మనుష్యునికి మానక బుద్ధి చెప్పితిని". మూడేళ్లు, ఏడుస్తూ. మీరు అరగంటలో, అదీ టీ కూడా తాగకుండా ముగించారు.

గలతీయులకు 6:1లో తప్పితంలో చిక్కినవాణ్ని "మంచిదారికి తీసికొని రావలెను" అని ఉంది. అక్కడి గ్రీకు క్రియే మత్తయి 4:21లో, యాకోబు యోహానులు వలలు బాగుచేసుకుంటున్నారు అన్నచోటా ఉంది. మీకు వీలైతే బందరు దగ్గర గిలకలదిండి హార్బరుకు వెళ్లి చూడండి, నేను చూశాను. వల నీడలో పరుచుకుని, ఒక అంచు కాలి బొటనవేలికి తగిలించి లాగి పట్టుకుంటారు. చిరుగు దొరగ్గానే కుట్టెయ్యరు. ముందు చేత్తో చుట్టూ తడిమి చూస్తారు, చిరుగు ఎక్కడ ఆగింది, గట్టి కన్ను ఎక్కడ మొదలైంది అని. పీలికలైన దారాలు కోసేసి అప్పుడు కొత్త దారం ముడి వేస్తారు. కుళ్లిన దారానికి ముడి వేస్తే మొదటి అలకే ఊడిపోతుందట. ఆ తడమడమే మనం ఎగరగొడుతున్నాం.

దేవుడు ఎగరగొట్టలేదు. ఆదాము దాక్కున్నాక ఆయన మొదటి మాట "నీవు ఎక్కడ ఉన్నావు". తెలియక అడిగాడా? ఏలీయా చచ్చిపోతాను, నా ప్రాణం తీసుకో అని బదరీచెట్టు కింద పడుకుంటే (1 రాజులు 19) దూత ప్రసంగం చెయ్యలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లబుడ్డి పెట్టి లేపాడు, తిన్నాక మళ్లీ పడుకోనిచ్చాడు, రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. "ఇచ్చట నీవేమి చేయుచున్నావు" అనే ప్రశ్న ఆ తర్వాత, నలభై రోజుల నడక తర్వాత వచ్చింది. నాతాను ప్రవక్త దావీదు రాజు దగ్గరికి పంపబడింది అతని పాపాన్ని గద్దించడానికే, అయినా గొర్రెపిల్ల కథతో మొదలుపెట్టాడు.

యోహాను 11 మాత్రం నిదానంగా చూడాలి. లాజరు చనిపోయాక అతని సహోదరి మార్త యేసుకు ఎదురెళ్లి అన్న మాట 21వ వచనంలో ఉంది: ప్రభువా, నీవిక్కడ ఉండిన యెడల నా సహోదరుడు చావకుండును. మరియ వచ్చి పాదాల మీద పడి అన్న మాట 32లో. రెండూ ఒకటే! అక్కాచెల్లెళ్లు ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఒకరితో ఒకరు అదే అనుకుంటూ కూర్చుని ఉంటారని నాకు అనిపిస్తుంది. మాట ఒకటే అయినా జవాబు ఒకటి కాదు. మార్తతో ఆయన మాట్లాడాడు, "పునరుత్థానమును జీవమును నేనే" అన్నాడు, నమ్ముతున్నావా అని అడిగాడు, ఆమె కూడా సిద్ధాంతం అందుకుని జవాబు చెప్పింది. మరియతో అలాంటిదేమీ లేదు. ఆయన మూలిగాడు, ఎక్కడ ఉంచారని అడిగాడు, కన్నీళ్లు విడిచాడు. మరియకు పునరుత్థానం గురించి తెలియకూడదనా? కాదు. ఆ నిమిషానికి ఆమెకు కావలసింది అది కాదు. మీరైతే ఇద్దరికీ ఒకే వచనం వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసేవారు.

నేను మాత్రం తక్కువ తిన్నానా? పెళ్లయి సేవలోకి వచ్చిన కొత్తలో, బిడ్డ పోయిన ఒక తల్లి దగ్గరికి వెళ్లి "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను" అని చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. చేతిలో ఉన్న స్టీలు గ్లాసుని కొంగుతో తుడుస్తూ ఉంది, పొడిగా ఉన్న గ్లాసుని, నేను లేచేదాకా. చాలా ఏళ్ల తర్వాత గానీ నాకు వెలగలేదు. ఆ మాట యోబు అన్నది, యోబుతో ఎవరో అన్నది కాదు. పోగొట్టుకున్నవాడి నోటినుంచి వస్తే అది ఆరాధన, పరామర్శకు వచ్చినవాళ్ల నోటినుంచి వస్తే రాయి. యోబు స్నేహితులు చేసిన ఒకే ఒక్క మంచి పని ఏడు రోజులు నోరు మూసుకుని నేల మీద కూర్చోవడం. నోరు తెరిచాకే చెడింది.

సరే, ఇప్పుడు నన్ను నిజంగా మండించే విషయం. ప్రార్థన విన్నపం. ఒక అక్కయ్య 3వ పాఠం ప్రాక్టీసు చక్కగా చేసింది, భర్త తాగి కొడుతున్న ఒక అమ్మాయి చెప్పుకున్నదంతా ఓపికగా వింది. విని, సాయంత్రం స్త్రీల కూటంలో "పేరు చెప్పనుగానీ, మన మూడో వీధిలో, మొన్ననే చీటీ పాడుకున్న కుటుంబం కోసం ప్రార్థించండి" అంది. పేరు చెప్పకపోవడం అంటే అదా! వీధి చెప్పి, చీటీ చెప్పాక పేరెందుకు? మీరు ఏ ఉద్దేశంతో చెప్పారన్నది కాదు ప్రశ్న. ప్రార్థన కోసమే చెప్పానంటారు, నమ్ముతాను. కానీ దేవునికి ఆ అడ్రసు తెలుసు, కూటంలో ఉన్నవాళ్లకే తెలియదు. సామెతలు 11:13: "నమ్మకమైన స్వభావముగలవాడు సంగతి దాచును". ఉత్తరవాది అన్నాం కదా, ఏ లాయరైనా క్లయింటు సంగతి టీకొట్టు దగ్గర చెబుతాడా? పాస్టరు భార్యకు చెప్పడం కూడా చెప్పడమే, అంటే నాకు చెప్పడం కూడా. "అందరూ ఒకే శరీరం కదా" అని నాకు జవాబు రాయకండి. శరీరంలో కూడా బట్ట కప్పుకునే చోట్లు ఉంటాయి. ఆ అమ్మాయి అనుమతి ఇస్తే, ఆమె చెప్పమన్న మాటల్లోనే, ఆమె చెప్పమన్నవాళ్లకే.

దీనికి మరోవైపు కూడా ఉంది, అది దాటేస్తే ప్రాణాల మీదికి వస్తుంది. "ఎవరికీ చెప్పను, ఒట్టు" అని ముందే మాట ఇవ్వకండి. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలి, 2012 పోక్సో చట్టం ప్రకారం చెప్పకపోవడమే నేరం. సంఘ పెద్దలు కూర్చుని రాజీ చేసే విషయం కాదది. సహాయానికి ఫోన్ నంబర్లు: పిల్లలకు 1098, ఆడవాళ్లకు 181. చచ్చిపోవాలని ఉంది అన్నవాళ్లను ఒంటరిగా వదలకండి, ఇంట్లోవాళ్లను పిలవండి, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ టెలిమానస్ 14416కి వాళ్ల పక్కనే కూర్చుని ఫోన్ చెయ్యండి, అందులో తెలుగులో మాట్లాడతారు. కొట్టే భర్త దగ్గరికి ఓర్పు వచనాలు చదివి తిరిగి పంపకండి. డాక్టరు ఇచ్చిన మానసిక వైద్యం మందులు విశ్వాసం పేరుతో ఆపించకండి. తిమోతి కడుపు జబ్బుకు పౌలు రాసింది ప్రార్థన కాదు, ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమని (1 తిమోతి 5:23).

ప్రాక్టీసు. యోహాను 11:17 నుంచి 44 వరకు చేత్తో రెండుసార్లు రాయండి, ఫోన్లో కాదు. తర్వాత ఏడు రోజులు ఎవరు బాధ చెప్పుకున్నా ఒక్క వచనం కూడా చెప్పకండి. అవును, ఒక్కటి కూడా. ప్రశ్నలే అడగండి. సామెతలు 20:5లో మనిషి మనసు లోతు నీళ్లని, వివేకి దాన్ని పైకి చేదుకుంటాడని ఉంది. చేద వేసి తాడు వదులుతూ ఉండాలి, తొందరపడి లాగితే ఖాళీ బొక్కెన వస్తుంది. మాట్లాడాలని నాలుక దురద పెడితే నేను చేసే పని ఒకటుంది, గ్లాసులో మంచినీళ్లు పక్కన పెట్టుకుని ఒక గుక్క తాగుతాను. నీళ్లు నోట్లో ఉన్నంతసేపు ఎవరూ బుద్ధి చెప్పలేరు. రాత్రికి మీరు అడిగిన ప్రశ్నలు మాత్రం నోటుబుక్కులో రాసుకోండి. వాళ్ల జవాబులు రాయకండి, పేరు రాయకండి, మొదటి అక్షరం కూడా వద్దు, మీ ఇంట్లో పిల్లలు చదువుతారు.

ఇక తమ్ముడూ, నువ్వు ఈ ఏడు రోజులకంటే ముందు ఆయన ఇంటికి ఒకసారి వెళ్లు. బైబిలు పట్టుకెళ్లకు, నాలుగు అరటిపళ్లు పట్టుకెళ్లు. తప్పుగా మాట్లాడానన్నా అని ఒక్క మాట చెప్పు, ఎందుకలా మాట్లాడావో వివరించబోకు. వాళ్లావిడ టీ ఇస్తే తాగు. ఆయన నోరు తెరవకపోతే ఫ్యాను చూస్తూ కూర్చో. ప్రార్థన చేద్దామా అని నువ్వు అడగొద్దు, ఆయన అడిగితే చెయ్యి, అదీ చిన్నది.