నూక కాకుండా వడ్లు ఆరబెట్టడం

మిషన్‌తో కోసిన వడ్లలో మామూలుగా 20 నుంచి 25 శాతం తేమ ఉంటుంది. కొనుగోలు కేంద్రానికి 17 శాతం లోపు ఉండాలి. నెలల తరబడి నిల్వకు 14కి, విత్తనానికి 12–13కి దించాలి. ఇదంతా ఒక్క ఎండలో లాగేద్దామని తొందరపడితే మిల్లులో నూక పెరుగుతుంది.

ఎండ తగలగానే గింజ పైపొరలో తేమ ఇట్టే ఆవిరైపోతుంది. గర్భంలోని తేమ మాత్రం సన్నటి సందుల గుండా మెల్లగా పైకి రావాలి. బయటి పొర ఎండి ముడుచుకుంటుంటే లోపలిది ఇంకా ఉబ్బే ఉంటుంది. ఆ లాగుడుకి బియ్యపు గింజ అడ్డంగా చిట్లుతుంది. పైన ఊక ఉండటంతో కంటికి కనపడదు, మర ఆడించినప్పుడే బయటపడుతుంది. యాసంగి పంటకు ఏప్రిల్, మే ఎండల్లో ఈ బెడద మరీ ఎక్కువ.

పొద్దున మంచు ఆరాక పట్టా పరిచి 3 సెంటీమీటర్ల మందాన పోయండి. క్వింటాలుకు 60 చదరపు అడుగులకు పైనే చోటు కావాలి. మరీ పలచనైతే గింజ త్వరగా కాగిపోతుంది, మందమైతే పైన మాడి అడుగున చెమ్మ మిగులుతుంది. అరగంటకోసారి దంతెతో ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా తిప్పాలి. తారు రోడ్డు వద్దు: మే నెలలో అది గింజ తట్టుకోలేనంత కాగుతుంది, రాళ్లు కలుస్తాయి, రాత్రిపూట బండ్లవాళ్ల ప్రాణాలకూ ముప్పు.

మధ్యాహ్నం వడ్లలో థర్మామీటర్ గుచ్చి చూడండి. 50 డిగ్రీలు దాటితే (విత్తనమైతే 42) కుప్ప చేసి, పట్టా కప్పి, మూడింటిదాకా వదిలేయండి. పని ఆగినట్టు అనిపిస్తుంది గానీ, ఆ విరామంలోనే లోపలి తేమ పైపొరకు చేరుతుంది. మళ్లీ పరిచాక తేమ సులువుగా పోతుంది, గింజా చిట్లదు. మొత్తం పనిలో ఎక్కువమంది వదిలేసేది ఈ మెట్టే.

సగం ఆరిన వడ్లకు ఎండకన్నా మంచు ప్రమాదం. 15 శాతం లోపుకు దిగిన గింజ మళ్లీ తడి పీల్చితే పగులుతుంది. అందుకే పొద్దు గుంకకముందే కుప్ప చేసి కప్పాలి. ఇంకా 20 శాతం పైన ఉంటే మాత్రం ఎత్తుగా పోయొద్దు; గింజ ఊపిరి తీసుకుంటూ లోపల వేడెక్కి పసుపు రంగుకు తిరుగుతుంది, ముక్క వాసన వస్తుంది. మోకాలెత్తు చాలు. కుప్పలో చెయ్యి దూర్చితే వెచ్చగా తగిలిందా, రాత్రయినా విప్పి ఫ్యాను పెట్టండి.

ముసురు రోజుల్లో గాలే అడ్డం. 30 డిగ్రీల దగ్గర గాలిలో తేమ 75 శాతముంటే వడ్లు 14 దగ్గర ఆగుతాయి. 90 శాతముంటే దాదాపు 18 దగ్గరే. అప్పుడు డ్రయ్యరే దిక్కు. వడ్లు కదలకుండా ఉండే రకం డ్రయ్యరులో గాలి వేడి 43 డిగ్రీలు దాటనివ్వొద్దు.

తేమ మీటరు రోజంతా చేతిలో లేకపోతే తూకం చెబుతుంది. మొదట ఒక్కసారి కొలిపించి, 10 కిలోలను పక్కనే గుడ్డ మీద అదే మందాన పోసి, వాటినీ అలాగే తిప్పుతూ ఉండండి. 22 శాతంతో మొదలైనవి 9 కిలోల 400 గ్రాములకు వస్తే 17 శాతం, 9 కిలోల 70 గ్రాములకు వస్తే 14. సంచుల్లోకి ఎత్తేముందు నీడలో పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి మీద కుడితే లోపల చెమట పట్టి, సంచి అంచుల్లో బూజు మొదలవుతుంది.