ట్రోగిర్ ద్వీపపట్టణానికి వెళ్లి రావడం ఎలా

క్రొయేషియాలో, ఆడ్రియాటిక్ సముద్రతీరాన ఉన్న ట్రోగిర్ పాతపట్టణం మన భవానీ ద్వీపం కన్నా చిన్నది. ప్రధాన భూభాగానికీ చియోవో అనే పెద్ద దీవికీ నడుమ ఉన్న ఈ చిన్న లంకకు రెండు వైపులా వంతెనలు ఉన్నాయి. ఒక కొస నుంచి మరో కొసకు పది నిమిషాల్లో నడిచిపోవచ్చు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో విస్ దీవి నుంచి వచ్చిన గ్రీకులు కట్టుకున్న ఈ ఊరిని 1420 నుంచి 1797 వరకు వెనిస్ ఏలింది. 1997లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంత చిన్న ఊరు కాబట్టే చాలామంది పక్కనున్న స్ప్లిట్ నగరంలో బస చేసి, ఒక్క పూటలో ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. అది పొరపాటని నేను గట్టిగా చెబుతాను. పగటి గుంపులు వెళ్లిపోయాక, మళ్లీ తెల్లవారి అవి రాకముందు ఊరు చూసేవారికి చిక్కుతుంది కనుక, ఇక్కడ కనీసం ఒక రాత్రి ఉండేలా ప్రయాణం వేసుకోవాలి.

ముందుగా వీసా. క్రొయేషియా 2023 జనవరి 1న షెంగెన్ ప్రాంతంలో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమిలో చేరింది, అదే రోజు యూరోను కూడా తన కరెన్సీగా తీసుకుంది. కనుక పాత ప్రయాణికులు చెప్పే కూనా (అక్కడి పాత కరెన్సీ) లెక్కలను పక్కన పెట్టవచ్చు. మీ యాత్రలో ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. ఇటలీలో ఆరు రోజులు, క్రొయేషియాలో మూడు రోజులు గడిపేవారు ఇటలీ వీసాకే వెళ్లాలి. తేలికగా దొరుకుతుందని వేరే దేశానికి పెట్టించడం మంచిది కాదు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి, తిరిగి వచ్చే తేదీ తరువాత కూడా పాస్‌పోర్టుకు మూడు నెలల గడువు మిగిలి ఉండాలి. దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే ఇవ్వవచ్చు; చివరి పక్షం రోజుల దాకా ఆగకూడదు.

కాలం విషయంలో మన సెలవులు బాగానే కలిసివస్తాయి. బెజవాడ ఎండకు ఊరు విడిచి పారిపోవాలనిపించే మే నెలలో అక్కడ హాయిగా ఉంటుంది, కానీ సముద్రపు నీళ్లు ఇంకా చల్లగానే ఉంటాయి. ఈత ముఖ్యమనుకునేవారికి సెప్టెంబరు చివర, దసరా సెలవులకు కాస్త అటూ ఇటూగా వెళ్లడం మేలు. జూలై, ఆగస్టు నెలల్లో ఎండా ఎక్కువే, జనమూ ఎక్కువే. ఆ రెంటి కోసం అంత ఖర్చు పెట్టనక్కరలేదు.

గన్నవరం నుంచి హైదరాబాదుకో ఢిల్లీకో చేరి, అక్కడి నుంచి ఒకటి రెండు విమానాలు మారి స్ప్లిట్ విమానాశ్రయంలో దిగాలి. పేరు స్ప్లిట్‌ది అయినా ఆ విమానాశ్రయం ట్రోగిర్‌కే దగ్గర, ఆరు కిలోమీటర్ల లోపే. స్ప్లిట్‌కూ ట్రోగిర్‌కూ మధ్య తిరిగే 37వ నంబరు సిటీబస్సు విమానాశ్రయం మీదుగానే వెళుతుంది. ట్రోగిర్ బస్టాండు వంతెనకు ఇవతల, ప్రధాన భూభాగం మీద ఉంటుంది. అక్కడి నుంచి పెట్టె లాక్కుంటూ నడిచిపోవడమే.

ఊరిలో మొదట చూడవలసినది సెయింట్ లారెన్స్ కేథడ్రల్ పడమటి ద్వారం. రాడోవాన్ అనే శిల్పి చెక్కిన ఈ ద్వారం మీద 1240 అన్న సంవత్సరం లాటిన్ శాసనంలో ఉంది. రెండు పక్కలా సింహాల మీద ఆదాము, హవ్వ నిలబడి ఉంటారు. పైన క్రీస్తు జననం. అట్టడుగున వీపుల మీద బరువు మోస్తూ వంగిపోయిన మనుషులు. వీటి మధ్య ఏడాది పొడవునా సాగే పనులు, అంటే ద్రాక్షతీగల కత్తిరింపు, పందిని కోయడం వంటివి, చిన్న చిన్న బొమ్మలుగా కనిపిస్తాయి. అమరావతి స్తూప ఫలకాలను ఓపికగా చూసిన గుంటూరు వారికి ఇది కొత్త విద్య కాదు: అక్కడా ఇక్కడా రాయి సున్నపురాయే, రెండు చోట్లా మతకథల పక్కనే సామాన్యుల బతుకు కూడా చోటు చేసుకుంది. కింద నుంచి పైకి, ఒక్కొక్క వరుసా చదువుకుంటూ అరగంట ఇవ్వండి. లోపల 15వ శతాబ్దంలో నికోలా ఫియోరెంటినో కట్టిన, ఈ ఊరి బిషప్పు అయిన సెయింట్ జాన్ ఓర్సీనీ పేరిట ఉన్న చాపెల్ (చిన్న ప్రార్థనా మందిరం) ఉంది. 47 మీటర్ల గంటగోపురం ఎక్కవచ్చు గానీ మెట్లు ఇరుకు, నిటారు. చీర కట్టుకున్నవారు ఆ రోజుకు చుడీదారు వేసుకోవడం నయం. చర్చిలోకి భుజాలు, మోకాళ్లు కప్పుకునే వెళ్లాలి.

మిగతావి కాలినడకన దారిలోనే తగులుతాయి: గడియారపు గోపురం, ఒకప్పుడు న్యాయస్థానంగా వాడిన మండపం, పడమటి కొసన వెనిస్‌వారు కట్టిన కమెర్లెంగో కోట. మండపం గోడ మీద వెనిస్ రాజ్యచిహ్నమైన సింహం ఉండాల్సిన చోటు బోసిగా ఉంటుంది. 1932లో దాన్ని పగలగొడితే ఇటలీతో పెద్ద తగాదా అయింది.

భోజనం గురించి శాకాహారులకు ఒక హెచ్చరిక: నల్లని అన్నంలా కనిపించే రిసొట్టోకు ఆ రంగు సముద్రజీవి సిరా వల్ల వస్తుంది. ఆకుకూర, బంగాళాదుంప కలిపి వండే బ్లిత్వా, ఆకుకూర కూరిన సోపార్నిక్ రొట్టె దొరికితే తినవచ్చు. బాదంపప్పుతో చేసే రాఫియోలీ ఈ ఊరి సొంత మిఠాయి. గోంగూర పచ్చడిని లగేజీ పెట్టెలో గట్టిగా మూత బిగించి పెట్టుకోండి, చేతిసంచిలో వద్దు. నెయ్యిని, పాలతో చేసిన మిఠాయిలను మాత్రం ఇంటి దగ్గరే వదిలెయ్యాలి, ఎందుకంటే బయటి దేశాల పాల పదార్థాలను యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకుపోనివ్వరు.

చెప్పులు రెండు రకాలు పట్టుకెళ్లాలి. వందల ఏళ్ల నడకకు నునుపెక్కిన వీధిరాళ్లు వాన పడితే జారతాయి కనుక పట్టున్న బూట్లు ఒకటి. చియోవో తీరంలో ఇసుక తక్కువ, రాళ్లెక్కువ, వాటి సందుల్లో ముళ్లబంతిలాంటి సీ అర్చిన్లు ఉంటాయి కనుక నీళ్లలో వేసుకునే రబ్బరు బూట్లు మరొకటి.