నడుముకు దాచి పెట్టుకునే పిస్టల్: హోల్‌స్టర్ ఎంత వాలుగా ఉండాలి?

చొక్కా కింద పిస్టల్ ఉందని పట్టిచ్చేది గొట్టం కాదు, పిడి. గొట్టం ప్యాంటులోకి దిగిపోతుంది, పిడి మాత్రం వెనక్కి పొడుచుకొచ్చి బట్ట మీద అచ్చు పడుతుంది. హోల్‌స్టర్ (పిస్టల్ పెట్టుకునే ఒర) వాలు, అంటే క్యాంట్, సరిచేసేది ప్రధానంగా ఆ పిడి కోసమే.

1. ముందు పిస్టల్ ఖాళీ చేయండి. మ్యాగజైన్ తీసి, స్లైడ్ లాగి, చాంబర్‌ను (తూటా కూర్చునే అరను) కంటితో చూసి వేలితో తడమండి. తూటాలు వేరే గదిలో పెట్టండి.

2. చోటు తేల్చుకోండి. నడుమును గడియారం అనుకుంటే బకిల్ 12, కుడి తుంటి 3, వెన్నెముక 6. ఎడమచేతివాళ్లకు తుంటి 9 అవుతుంది. చోటు తేలకుండా వాలు గురించి తలబద్దలు కొట్టుకోవడం దండగ. 6 దగ్గర మాత్రం వద్దు, వెల్లకిలా పడితే వెన్నుకు దెబ్బ.

3. చోటును బట్టి మొదలుపెట్టండి. 12–1 మధ్య నిటారుగా, 0 డిగ్రీలు. 3 దగ్గర 0 నుంచి 10. 4 దగ్గర 15 వరకు, పిడి ముందుకు, గొట్టం కొన వెనక్కి వాలేలా. దీన్నే ఎఫ్‌బీఐ క్యాంట్ అంటుంటారు. తుంటి వెనక పిస్టల్ నిటారుగా ఉంటే చెయ్యి అందుకునేసరికి మణికట్టు మెలిపడుతుంది. పైగా వంగినప్పుడు పిడి అడుగు అంచు చొక్కాను గుడారంలా లేపుతుంది. ముందుకు వాలితే అదే పిడి నడుము వంపులో ఒదిగిపోతుంది.

4. కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) హోల్‌స్టర్లలో చాలావాటికి క్లిప్పు స్క్రూలు వదులు చేసి వాలు మార్చుకోవచ్చు. ఒక్కసారికి 5 డిగ్రీలకు మించి మార్చొద్దు. బెల్టు పై అంచుకు కోణమానిని ఆనించి కొలవండి. కుట్టిన తోలు హోల్‌స్టర్‌కు వాలు సాధారణంగా మారదు, కొనేటప్పుడే చూసుకోవాలి. బెల్టు మెత్తనిదైతే ఈ కొలతలన్నీ గంగలో కలిసినట్టే: బరువుకు హోల్‌స్టర్ తనంతట తానే ఒరుగుతుంది.

5. అద్దం ముందు పక్కకు తిరిగి నిలబడండి. చేతులెత్తండి, బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగండి, కుర్చీలో కూర్చోండి. వంగినప్పుడు పిడి కనిపిస్తే వాలు చాలలేదు. గొట్టం కొన వెనక బట్టను నెడితే వాలు ఎక్కువైంది. గొట్టం పొడవైన పిస్టళ్లతో ఇది మామూలే.

6. ఖాళీ పిస్టల్‌నే నెమ్మదిగా 20 సార్లు తీయండి. వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు, గొట్టం మీ ఒంటి మీదికి తిరగకూడదు. పిస్టల్ కదలకముందే అరచెయ్యి పిడి మీద పూర్తిగా కూర్చోవాలి. మణికట్టు వంచితే గానీ పట్టు దొరకడం లేదంటే వాలు 5 డిగ్రీలు మార్చి చూడండి. వేళ్లు బెల్టుకు తగులుతుంటే మాత్రం తప్పు వాలుది కాదు, ఎత్తుది. హోల్‌స్టర్‌ను కాస్త పైకి జరపండి.

తిరిగి పెట్టేటప్పుడు తొందర అక్కర్లేదు. వాలు ఎక్కువున్నకొద్దీ హోల్‌స్టర్ మూతి కంటికి ఆనదు. చొక్కా అంచు లోపల ఇరుక్కుని ట్రిగ్గర్‌ను నొక్కిందంటే తూటా పేలుతుంది. ఎడమచేత్తో చొక్కా పైకెత్తి, మూతిని చూస్తూ దించండి.

7. కుదిరిన కోణంలో స్క్రూ మరకు ఒక్క చుక్క నీలం థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టి ఉంచే జిగురు) రాసి బిగించండి. స్క్రూ తల మీదుగా హోల్‌స్టర్ మీదికి పెయింట్ పెన్నుతో ఒక గీత గీయండి. గీత రెండు ముక్కలై కనిపించిన రోజు స్క్రూ వదులైనట్టే.