ఇంట్లో పెద్దల చురుకుదనం కొలవడం – మూడో పాఠం: జారే స్కేలు

పోయిన పాఠంలో చూపు, వినికిడి చూశాం. వాటిని ముందు ఎందుకు పెట్టానో ఈ పాఠంలో తెలుస్తుంది.

30 సెంటీమీటర్ల స్కేలు తీసుకోండి. అమ్మమ్మనో తాతయ్యనో కుర్చీలో కూర్చోబెట్టి, ముంజేయి బల్ల మీద ఆనించి, మణికట్టు బల్ల అంచు దాటి ఉండేలా చూడండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాస్త ఎడం ఉండాలి. స్కేలు పై కొస మీరు పట్టుకోండి. సున్నా గీత వాళ్ల బొటనవేలి పై అంచుకు సరిగ్గా రావాలి. చెప్పకుండా వదిలేయండి, జారడం కనబడగానే వాళ్లు రెండు వేళ్లతో పట్టుకోవాలి. పట్టుకున్నాక బొటనవేలి పై అంచు దగ్గరున్న అంకె రాసుకోండి.

మొదటి రెండుసార్లు అలవాటు కోసం, లెక్కలోకి రావు. తర్వాత ఐదుసార్లు చేసి, అంకెల్ని చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చి నడిమిది తీసుకోండి. సగటు వద్దు, ఒక్కసారి ధ్యాస తప్పినా చెడిపోతుంది. ఆ సెంటీమీటర్లను 490తో భాగించి వర్గమూలం కడితే, జారడం చూసి పట్టుకోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో వస్తుంది. 15కి 0.17, 20కి 0.20, 25కి 0.23.

మా అమ్మకి మొదట 27 వచ్చింది. చెయ్యి నెమ్మదించిందని దిగులుపడ్డాను. నా చేతిలో ఉన్నదేమో పిల్లల జామెట్రీ బాక్సులోని పారదర్శక స్కేలు, ఆమె కూర్చున్నది కిటికీకి ఎదురుగా. స్కేలుకి ఎర్ర టేపు అంటించి, కుర్చీ తిప్పి చూస్తే 21. తడబడింది చెయ్యి కాదు, కన్ను. అందుకే కళ్లజోడు లేకుండా ఈ పరీక్ష పెట్టకండి.

కొలిచే తీరు మారితే అంకె మారిపోతుంది. పెద్ద సర్వేల్లోనూ ఇదే చిక్కు. మన దేశంలో 2017–18లో లాసీ అనే, వయసు మళ్లేవాళ్ల ఆరోగ్య సర్వే 45 దాటినవాళ్లనూ వాళ్ల జీవిత భాగస్వాములనూ కలిపి 72 వేల మందికి పైగా పలకరించింది. పక్కనున్న చైనాలో అలాంటిదే చార్ల్స్ అనే సర్వే 2011లో మొదలైంది, అక్కడా 45 నుంచే. రెండూ చేతి పట్టునీ నడక వేగాన్నీ కొలిచాయి. అయితే మన దగ్గర నడిపించింది 4 మీటర్లు, అక్కడ 2.5. నిలబడ్డ మనిషి వేగం అందుకోవడానికి పట్టే సమయం చిన్న దూరంలో ఎక్కువ వాటా తినేస్తుంది. ఆ రెండు వేగాల్నీ పక్కపక్కన పెట్టి ఎవరు చురుకో తేల్చడం అన్యాయం. ఎదురింటి తాతగారితో మీ తాతయ్యని పోల్చడమూ అంతే. తాతయ్య అంకెని ఆయన పోయినవారం అంకెతోనే పోల్చండి.

వారానికోసారి, అదే స్కేలు, అదే కుర్చీ, అదే వేళ, నాలుగు వారాలు చేయండి. రెండు చేతులకీ వేర్వేరుగా రాయండి. ఒక చెయ్యి హఠాత్తుగా బలం తప్పినట్టు కనిపిస్తే పరీక్ష మానేసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వచ్చే పాఠానికి వేర్వేరు రంగుల కర్రలు రెండు సిద్ధం చేసుకోండి, ఒక్కోటి మీటరు పొడవు. ఏది జారుతుందో చూసి ఆ వైపు చేత్తోనే పట్టుకోవాలి. ఇలా ఎంచుకోవడానికి అదనంగా ఎంత సమయం పడుతుందో డచ్చి శాస్త్రవేత్త డాండర్స్ 1868లోనే లెక్కగట్టాడు. వయసు ఎక్కువగా బయటపడేది అక్కడే.