కూలి కుటుంబాల స్త్రీలకు హెచ్‌పీవీ పరీక్ష చేయించే విధానం

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) అరుదైన వైరస్ కాదు. లైంగిక జీవితం మొదలైన స్త్రీపురుషుల్లో అత్యధికులకు ఎప్పుడో ఒకప్పుడు అది సోకుతుంది. చాలామందిలో ఒకటి రెండేళ్లలో దానంతట అదే పోతుంది. మన దేశంలో ఏ సమయంలో చూసినా దాదాపు 5 శాతం స్త్రీలలో దీని 16, 18 రకాలు ఉంటాయని అంచనా. ప్రపంచవ్యాప్తంగా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి ఈ రెండు రకాలే కారణం. పోకుండా నిలిచిపోయిన వైరస్ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. ఇంత గడువున్నా పేద స్త్రీలు ప్రాణాలు కోల్పోతున్నారంటే, పరీక్ష వారి గడప దాకా రాకపోవడమే ప్రధాన కారణం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30-49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఎన్నడైనా చేయించుకున్నవారు 2 శాతం లోపే.

కాబట్టి కర్నూలు జిల్లాలో ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు శిబిరం పెట్టదలచినవారు ముందుగా సుగ్గి కాలాన్ని, అంటే కూలి పనుల కోసం కుటుంబాలు వలస వెళ్లే రోజులను, చూసుకోవాలి. మిరప కోతలకు కుటుంబాలు గుంటూరు వైపు వెళ్లిపోయాక శిబిరం పెడితే, పరీక్ష అవసరమైనవారే ఊళ్లో ఉండరు. తేదీ కుదిరాక ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎంలతో కలిసి 30 ఏళ్లు దాటిన స్త్రీల జాబితా రాసుకోవాలి. కూలి పోకుండా తెల్లవారుజామునే పరీక్ష మొదలయ్యేలా చూడాలి. బహిష్టు రోజుల్లో ఉన్నవారికి మరో రోజు ఇవ్వాలి.

ప్రభుత్వ కేంద్రాల్లో సాధారణంగా గర్భాశయ ముఖద్వారానికి పలుచని ఎసిటిక్ ఆమ్లం పూసి, ఒక నిమిషం ఆగి, తెల్లని మచ్చలు తేలుతాయేమో చూస్తారు. హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష దీనికంటే నమ్మదగినది. దానికి కావలసిన నమూనాను, వివరంగా చెబితే, స్త్రీ తానే తీసుకోగలదు. మగ డాక్టరు ముందు పడుకోలేక వెనుదిరిగే స్త్రీలకు ఇది పెద్ద ఊరట.

ఫలితం చెప్పేటప్పుడు అత్తగారిని, ఆడబిడ్డను బయటే కూర్చోబెట్టాలి. వైరస్ ఉన్నంత మాత్రాన క్యాన్సర్ ఉన్నట్టు కాదనీ, అది ఏళ్ల తరబడి లక్షణాలు లేకుండా ఉండగలదు గనుక భార్య మీదగానీ భర్త మీదగానీ అనుమానపడడం తగదనీ స్పష్టంగా చెప్పాలి. ఈ మాట దాటవేస్తే ఆమె మళ్లీ రాదు. మచ్చ చిన్నదైతే వేడితోనో అతిశీతలంతోనో అక్కడికక్కడే చికిత్స చేయవచ్చు. పెద్దదైతే, లేదా సంభోగం తర్వాత, ముట్లుడిగాక రక్తస్రావం కనిపిస్తే, ఆధార్, రేషన్ కార్డులతో కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలకు తోడు వెళ్లి చూపించాలి; చీటీ రాసిచ్చి పంపితే సరిపోదు.